ఆకుపచ్చ గడిలో మా ఊరు

నా దగ్గర పదకొండు రసీదులున్నాయి. పదకొండు అర్జీలు ఇచ్చాను, ఒక్కదానికీ సరైన జవాబు రాలేదు. ఎవరు చదవకుండానే ముద్ర వేశారో, ఎవరు ఫోన్‌లోంచి తలెత్తకుండా "పెట్టి వెళ్లండి" అన్నారో నాకు గుర్తుంది. కూర్చోమన్నవాళ్లు ఇద్దరే. వాళ్లూ గుర్తున్నారు. ఇన్నాళ్లూ నన్ను ఎవరూ పట్టించుకోలేదు కాబట్టి, అర్జీ కాగితంలో పట్టని సంగతంతా ఇక్కడ రాస్తున్నాను.

ఉద్యోగమంతా నేను మండలంలో గణాంకాల పని చేశాను. వరి కోతల ముందు చేలోకి దిగి, తాడుతో చదరం కొలిచి, ఆ చదరంలో పండిన గింజలు తూచి, దాన్నిబట్టి ఊరి మొత్తం దిగుబడి చెప్పడం మా పని. ఒకసారి ఒక అధికారి నా చదరం మేకును బూటుకాలితో తన్ని, పంట బాగున్న వైపుకి జరిపించాడు. "ఎక్కడ కొలిస్తే ఏమైంది?" అన్నాడు. ఆయన బదిలీ అయి చాలా ఏళ్లయింది. ఆ బూటు నాకింకా కళ్లకు కట్టినట్టు ఉంది.

రిటైరయ్యాక, పలాసను ఆనుకుని ఉన్న కాశీబుగ్గలో కట్టుకున్న ఇంట్లోనే ఉంటున్నాను. పుట్టిన ఊరు ఉద్దానంలో, బస్సెక్కితే ముప్పావు గంట. అక్కడ నా తమ్ముడూ వాడి భార్యా ఉంటారు. తమ్ముడు కొబ్బరిచెట్లు ఎక్కుతాడు. తుపానుకు పడిపోగా మిగిలిన చెట్లు పొడుగైనవి, ముసలివి. వాటిని ఎక్కగలిగినవాళ్లు మా చుట్టుపక్కల కొద్దిమందే మిగిలారు. వాళ్లలో వీడొకడు. కాయల దింపు ఉందంటే ముందు వీడికే కబురొస్తుంది.

మా ఊళ్లలో మూత్రపిండాల జబ్బు సంగతి రాష్ట్రమంతటికీ తెలుసు. మా నాన్న పోయినప్పుడు మాత్రం దానికి పేరు తెలియదు. కాళ్లు వాచాయి, అన్నం సయించలేదు, పోయాడు. ఇప్పుడు పేరు తెలిసినా మా ఊళ్లో దాన్ని నోటితో అనరు. "ఫలానావాడు పరీక్షలో దొరికాడు" అంటారు, అంతే.

ఆ పరీక్ష కోసం మూడు నెలలకొకసారి మా ఊరికి ఒక బండి వచ్చేది. బడి వరండాలో బల్లలు వేసి, ఊరందరినీ వరసలో నిలబెట్టి రక్తం తీసేవారు. ఒకసారి మా తమ్ముడి కాగితం మీద డాక్టరు గీత గీసి, "ఇంకా జబ్బు కాదు, హద్దు మీద ఉంది. ప్రతిసారీ తప్పకుండా చూపించుకో" అన్నాడు. వాడు చూపించుకుంటూనే ఉన్నాడు. బండి వస్తే వరసలో నిలబడేవాడు, చెయ్యి చాచేవాడు. అందరూ నిలబడే వరస కాబట్టి అందులో ఎవరికీ సిగ్గనిపించేది కాదు. ఈ మాట గుర్తుంచుకోండి. నా గొడవంతా ఆ వరస గురించే.

పైనుంచి నది నీళ్లు పైపుల్లో మా ఊళ్లకు వచ్చాయి. ఇంటింటికీ కుళాయి బిగించారు. ఆ పథకం ఎంతవరకు పనిచేస్తోందో కొలవడానికి సర్వే పెట్టారు. గణాంకాలు తెలిసినవాణ్ని కదా అని ఒప్పంద పద్ధతిలో నన్నూ తీసుకున్నారు.

శిక్షణ టెక్కలిలో. రిటైరైనవాణ్ని నేనొక్కణ్నే, మిగిలినవాళ్లంతా డిగ్రీలు పూర్తిచేసి వచ్చినవాళ్లు. టీ పళ్లెం మా వరస దాకా వచ్చి, నా పక్క మనిషి దగ్గర ఖాళీ అయి వెనక్కి వెళ్లిపోయింది. మళ్లీ రాలేదు. పాఠం చెప్పడానికి హైదరాబాదు నుంచి ఒక కన్సల్టెంటు వచ్చింది. తెర మీద ఐదు గడులు చూపించింది. మొదటి గడిలో వనరులు, అంటే పైపులు, ట్యాంకులు, మనుషులు. రెండో గడిలో పనులు. మూడో గడిలో ఆ పనుల వల్ల చేతికందింది, అంటే ఎన్ని ఇళ్లకు కుళాయి వచ్చింది. నాలుగో గడిలో మనుషుల్లో వచ్చిన మార్పు, అంటే ఆ నీళ్లు నిజంగా తాగుతున్నారా. ఐదో గడిలో అసలు ప్రయోజనం, అంటే కొత్తగా జబ్బు పడేవాళ్లు తగ్గారా. గడికీ గడికీ మధ్య ఒక బాణం. దీన్ని లాజిక్ మోడల్ అంటారని చెప్పింది. ప్రతి ఊరికీ ఇలాంటి పటం ఒకటి తయారవుతుంది. ఫలితాన్నిబట్టి ఒక్కో గడికీ ఎరుపో పసుపో ఆకుపచ్చో రంగు వేస్తారు.

"బాణం దగ్గరే మోసపోతామండీ" అంది ఆవిడ. "గడిలో ఉన్నదాన్ని లెక్కపెట్టగలం. బాణం మాత్రం మన నమ్మకం."

ఆ మాట నాకు నచ్చింది, దాచను. ఉద్యోగమంతా నేను మూడో గడి దాటి చూడలేదని ఆ రోజే తెలిసింది. ఎన్ని బస్తాల విత్తనాలిచ్చారో రాశాను, అవి మొలిచాయో లేదో ఎవరూ అడగలేదు, నేనూ అడగలేదు. ఇంకో సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. మా జబ్బుకు నీళ్లే కారణమని ఇప్పటికీ ఎవరూ ఖాయంగా తేల్చలేదు. నాలుగో గడినుంచి ఐదో గడికి పోయే బాణం కూడా నమ్మకమే. ఆ సంగతి ఆవిడ దాచకుండా చెప్పింది. అందుకే నీళ్ల పని ఒకవైపు, రక్తపరీక్ష ఒకవైపు, రెండూ సాగాలంది.

నేను చెయ్యెత్తాను. "కుళాయి నీళ్లు తాగుతున్నారని ఎలా తెలుసుకుంటారమ్మా? అడిగితే అందరూ తాగుతున్నామనే అంటారు. సర్కారు తరఫున వచ్చిన మనిషికి మా వైపు కాదని చెప్పరు."

వెనకనుంచి ఎవడో "తాతగోరు పరీచ్చ పెట్టీసినారు రా" అన్నాడు. నవ్వులు. ఆ గొంతు ఇప్పుడు వినిపించినా గుర్తుపడతాను.

ఆవిడ నవ్వలేదు. "మరి మీరైతే ఏం చేస్తారు?" అని అడిగింది.

"అసలు అడగొద్దమ్మా. ఎండన పడి వచ్చాం, దాహమేస్తోంది, గ్లాసుడు నీళ్లివ్వమనాలి. ఏ పాత్రలోంచి ముంచి ఇస్తారో చూసి రాసుకోవాలి. నోరు అబద్ధం చెప్పినా చెయ్యి చెప్పదు."

ఆవిడ ఆ మాట బోర్డు మీద రాసింది. చప్పట్లు కొట్టించింది. తర్వాత అచ్చువేసిన పుస్తకంలో "గ్లాసు పరిశీలన" అని అరపేజీ వచ్చింది. ఆలోచన ఎవరిదో అందులో రాయలేదు. అది వేరే గొడవ, దాన్ని ప్రస్తుతానికి పక్కనపెడతాను. ఉద్యోగమూ సర్వే కలిపి నా మాటను నలుగురు విన్నది ఆ ఒక్కసారే.

సర్వేలో నా వంతుకు వచ్చిన ఊళ్లలో మా ఊరూ ఉంది. సొంత ఊరు వద్దని నేనే చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు. మా ఊరి లెక్క ఇంకొకడు తప్పుగా రాస్తే భరించలేనని అనుకున్నాను.

ఇంటింటికీ తిరిగాను. ప్రతి అరుగు మీదా కూర్చుని నీళ్లడిగాను. ప్రతి ఇంట్లోనూ, ఒక్కటీ తప్పకుండా, వారగా మూతపెట్టి ఉంచిన స్టీలు బిందెలోంచి ముంచి ఇచ్చారు. "కుళాయివేనా?" అంటే "కుళాయివే బాబూ" అన్నారు. గ్లాసు కడిగి, తుడిచి, పళ్లెంలో పెట్టి మరీ ఇచ్చినవాళ్లున్నారు. సాయంత్రానికి నా కడుపులో నీళ్లు కదిలి చప్పుడయ్యేవి. తమ్ముడి ఇంట్లో కూడా మా మరదలు అదే బిందెలోంచి ముంచి ఇచ్చింది. అన్ని ఇళ్లకూ టిక్కు పెట్టాను. నాలుగో గడి ఆకుపచ్చ అయింది. కింద సంతకం నాది.

ఫలితాలు వచ్చిన వారానికి, ఆ కబురు చెబుదామని, వస్తున్నానని ముందురోజు ఫోన్ చేసి ఊరెళ్లాను. జీడి పిక్కలు ఏరే రోజులు. ఊళ్లో ఎవరూ లేరు. ఆ కాలంలో పొద్దు పొడవకముందే తోటలకు వెళ్తే చీకటి పడేదాకా ఎవరూ ఇంటి ముఖం చూడరు. తోటలోకి నడిచాను. మా మరదలు ఇంకో ముగ్గురు ఆడవాళ్లతో కలిసి చెట్టు కింద కూర్చుని పళ్లనుంచి పిక్కలు తెంపుతోంది.

"మనూరికి ఆకుపచ్చ రంగు వచ్చింది" అన్నాను.

"ఆకుపచ్చంటే ఏటి బావా? మంచిదేనా?"

"మంచిదే."

"అయితే నోరు తీపి సేసుకోవాల" అని లేచి, తోటబావిలోకి చేద వేసింది. తోడి, దోసిలి పట్టి తాను తాగింది. మిగిలిన ముగ్గురికీ పోసింది. నేను కూడా దోసిలి పట్టాను. ఆమె చేద వెనక్కి లాక్కుంది.

"నీకొద్దు బావా. ఇవి నీకు పడవు. ఉండు, నువ్వొత్తావని సీసాతోటి కుళాయి నీల్లు తెచ్చినాను."

నాకు అప్పుడే ఏదో తేడాగా తోచింది. "మీరెందుకు తాగరు అవి?"

"సప్పగుంటాయి. ఎన్ని తాగినా దాహం ఆగదు. బియ్యం కడుగుతాం, గిన్నెలు తోముతాం. ఎవులైనా వొత్తే ఇత్తాం."

ఒక ముసలామె పిక్క తెంపుతూనే అందుకుంది. "పై ఊరోల్లు మన నీల్లు తాగుతారేటి? మా కోడలి పురిటికి దాని వోల్లు సీసాలు సంకనెట్టుకొని వొచ్చినారు. మా ఇంట గుక్కెడు ముట్టలేదు. కూడు తిన్నారు, నీల్లు మాత్తరం ఆల్లవే తాగినారు. ఆ సిగ్గు మరి పడలేక కుళాయి నీల్లు పట్టి వారగా ఉంచుతాం."

"సర్వేకొచ్చినవాళ్లకి?"

"ఆల్లకీ అవే. సర్కారోల్లకి బావి నీల్లెట్టీమంటావేటి? ఆల్లకేటైనా అయితే మన ఊరి పేరు పోదూ?"

మిగిలిన ఇద్దరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. మరదలినే అడిగాను. "నాకు ఎన్నాళ్లుగా వేరే నీళ్లిస్తున్నావు?"

"నువ్వు కాశీబుగ్గలో ఇల్లు కట్టిన కాణ్నించీ. ముందర కేను నీల్లు కొని ఉంచీదాన్ని, ఇప్పుడు కుళాయివి. నీకు తెలీదేటి?"

తెలియదు. అన్నేళ్లుగా ఆ ఇంట్లో నేను చుట్టాన్ని అయిపోయానని నాకు తెలియదు. వాళ్లు అబద్ధమాడలేదు. నన్ను కాపాడుకున్నారు. బయటినుంచి వచ్చినవాడికి మంచి నీళ్లివ్వడం మర్యాద అనుకున్నారు, తమకు మాత్రం అలవాటైన నీళ్లు చాలనుకున్నారు. చెయ్యి అబద్ధం చెప్పదని టెక్కలిలో గొప్పగా అన్నాను. చెయ్యి అబద్ధం చెప్పలేదు, అతిథి మర్యాద చేసింది. దాన్ని నేను తాగే అలవాటుగా రాసుకున్నాను. మా ఊళ్ల మనుషులు తప్ప ఇంకెవరూ ఇలా చేయరు. ఆ ఊళ్లో పుట్టి కూడా ఆ సంగతి పట్టుకోలేని మూర్ఖుణ్ని నేనొక్కణ్నే.

మర్నాడే పథకం కార్యాలయానికి వెళ్లాను. రంగుల పటాలు చూసే అధికారి గదిలో ఇంకో నలుగురున్నారు. నిలబడే చెప్పాను.

"సార్, గ్లాసు పరిశీలన తప్పు. ఆ నీళ్లు వచ్చినవాళ్ల కోసం ఉంచేవి. వాళ్లు తాగేది తోటబావి నీళ్లే. మా ఊరి నాలుగో గడి ఆకుపచ్చ కాదు."

"ఎవరు చెప్పారు మీకు?"

"చూసి వచ్చాను సార్. ఆ పద్ధతి చెప్పింది కూడా నేనే."

ఆయన కుర్చీలో వెనక్కి వాలాడు. "అంటే మీరు చెప్పింది తప్పని మీరే వచ్చి చెబుతున్నారు."

"అవును సార్."

"రేపొచ్చి ఇదీ తప్పంటారేమో."

నలుగురూ నవ్వారు. కిటికీ పక్కన కూర్చున్నాయన అందరికంటే ఆలస్యంగా నవ్వాడు, అధికారి తనవైపు చూశాక.

"రిపోర్టు పైకి వెళ్లిపోయింది పెద్దాయనా" అన్నాడు అధికారి. "ఇప్పుడు మీ ఊరి రంగు మారిస్తే ఇదే పద్ధతిలో చూసిన ఊళ్లన్నిటి రంగూ మార్చాలి."

"మార్చాలి సార్. నేను చెప్పేది అదే."

ఆయన బల్ల మీద గంట నొక్కి, తర్వాతి ఫైలు తెమ్మన్నాడు.

కన్సల్టెంటుకు ఫోన్ చేశాను. ఆవిడ ఒప్పందం ముగిసి వేరే రాష్ట్రంలో వేరే పథకానికి వెళ్లిపోయింది. "మీరు చెప్పింది చాలా ముఖ్యమండీ, రాసి పంపండి, నేను ఫార్వర్డ్ చేస్తాను" అంది. రాసి పంపాను. ఇళ్లలో గ్లాసు చూడొద్దు, మధ్యాహ్నం తోటల్లోకి వెళ్లి పనివాళ్లు ఏ నీళ్లు తాగుతున్నారో చూడండి అని కొత్త పద్ధతి కూడా రాశాను. పంపిందో లేదో తెలియదు. మూడోసారి నుంచి ఫోన్ ఎత్తలేదు.

ఆ తర్వాత జరిగిన దాంట్లో ఎవరూ దుర్మార్గం చేయలేదు. నాకు భయం వేసింది కూడా అందుకే. పరీక్షల బళ్లు తక్కువ, ఊళ్లు ఎక్కువ. ఎర్ర గడి ఊళ్లకు ముందు వెళ్లాలి, మార్పు సాధించిన ఊళ్లకు ఇక అవసరం లేదు అని ఒక కాగితం తయారైంది. చదివితే ఎవరైనా సరేనంటారు. నేనైనా సంతకం పెట్టేవాణ్నేమో. మూడు నెలలు గడిచాయి, బండి రాలేదు. బడి వరండాలో బల్లలు పడలేదు.

పంచాయతీ గోడకు మా ఊరి పటాన్ని అట్టకు అంటించి తగిలించారు. ఐదు గడులు, మధ్యలో బాణాలు. తర్వాతి సమీక్ష అయ్యాక ఐదో గడికి కూడా ఆకుపచ్చ కాగితం అతికించారు. కొత్తగా జబ్బు పడినవాళ్లు లేరని రాశారు. ఆ రోజు నేను మళ్లీ అదే గదికి వెళ్లాను.

"చూశారా? మీరు అనవసరంగా కంగారుపడ్డారు. కొత్త కేసు ఒక్కటీ లేదు" అన్నాడు అధికారి.

"పరీక్షే లేదు కదా సార్."

"ఎవరూ రావడం లేదంటే ఆరోగ్యంగా ఉన్నట్టే కదా."

పరీక్ష లేదు కాబట్టి జబ్బు కనబడదు. జబ్బు కనబడదు కాబట్టి పరీక్ష అక్కర్లేదు. ఒక బాణాన్ని ఇంకో బాణం మోస్తోంది. ఆ పటంలో ఇప్పుడు ఎక్కడా ఎరుపు లేదు. ఎక్కడైనా కాస్త ఎరుపు ఉంటేనే నాకు ధైర్యంగా ఉండేది.

ఊళ్లో సంగతి ఇంకా ఘోరం. జబ్బు మన ఊరు వదిలి వెళ్లిపోయిందని జనం నమ్మేశారు. గోడ మీద సర్కారు రాసింది కదా. కుళాయి దగ్గర బిందెలు అలాగే నిండుతున్నాయి, వారగా మూతలు పెట్టుకుని అలాగే కూర్చుంటున్నాయి. తోటల్లో చేదలు అలాగే దిగుతున్నాయి.

కాశీబుగ్గలో మా ఇల్లు బస్సు దిగే చోటికి దగ్గర. మా ఊరివాళ్లు ఇద్దరు వారానికి రెండుసార్లు, ఎప్పుడూ అవే రోజుల్లో, పొద్దున్న బస్సుకు దిగుతున్నారు. ఒకడు నాతో చదువుకున్నవాడు. ఎదురుపడితే "బజారు పని మావా" అన్నాడు. రోళ్లు పగిలే ఎండలో మణికట్టు దాకా పొడుగు చేతుల చొక్కా, గుండీలు పెట్టుకుని. ఆ చొక్కా చేతుల కింద, డయాలసిస్‌లో రక్తం శుద్ధిచేసే సూదుల కట్టు ఉంటుందని పలాసలో అందరికీ తెలుసు. ఖాళీ సంచితో వచ్చి ఖాళీ సంచితోనే తిరిగి బస్సెక్కుతారు. వాళ్లు మా ఊరి పటంలో లేరు. పరీక్ష ఎక్కడ జరిగితే లెక్క అక్కడే రాస్తారట.

వానలు మొదలయ్యాక తమ్ముడిని చూడటానికి వెళ్లాను. అరుగు మీద కూర్చుని చెట్టెక్కే బందం సవరించుకుంటున్నాడు. చెప్పులు విప్పి ఉన్నాయి. పాదాల మీద చెప్పు పట్టీ పడిన చోట వేలు పట్టేంత లోతుగా గాడి. నేను చూడటం గమనించి, కాళ్లు వెనక్కి లాక్కున్నాడు.

"ఎన్నాళ్లుగా?" అన్నాను.

"ఏటి ఎన్నాల్లుగా? తడి సెప్పు, నొక్కీసింది."

"నాన్న కాళ్లు నాకు గుర్తున్నాయిరా."

"నీకు అన్నీ గుర్తుంటాయి అన్నియ్యా. అదే నీ జబ్బు."

పలాస ఆస్పత్రికి రమ్మన్నాను. ఆటో మాట్లాడతానన్నాను. వాడు బందం పక్కన పెట్టి నావైపు తిరిగాడు.

"నానక్కడ బల్ల మీద కూకున్నానంటే మజ్జాన్నానికి ఊరంతా తెలిసిపోద్ది. పరీచ్చలో దొరికినోడని పేరు పడిపోద్ది. రేపు నన్ను సెట్టెక్కించేదెవుడు? పైనుండి పడిపోతే మా మీదకొత్తాదని తోటగలోల్లు పిలుత్తారా? మొన్న ఆ పై ఈదిలోడు ఆస్పత్రికెల్లినాడు. ఆడి బందం సూరుకే ఏలాడతంది."

"జబ్బు ముదిరితే ఎలాగూ ఎక్కలేవు కదరా."

"బండి రానీ. అందరితోటి నాను కూడా సెయ్యి సాపుతాను. ఒక్కడివే రమ్మంటే మాత్తరం నావల్ల కాదు."

"బండి రాదురా."

"రాదంటే మనకి లేదనే కదా. గోడ మీద సూడు, మనూరు ఆకుపచ్చ. నువ్వే కదా రాసినావు?"

ఆ సాయంత్రం బస్సెక్కి తిరిగొచ్చాను.

అయినా వదల్లేదు. కాశీబుగ్గలో తెలిసిన ల్యాబు మనిషిని బతిమాలి, ఆ వచ్చే ఆదివారం మోటారుసైకిలు మీద ఊరికి తీసుకెళ్లాను. ఇంట్లోనే రక్తం తీయిద్దామని. అతని భుజానికున్న సంచి మీద ఎర్రని గుర్తు ఉంది. దాన్ని కప్పమని చెప్పడం మరిచిపోయాను. మేం వీధి మలుపు తిరిగేసరికే మా తమ్ముడు పెరటి గోడ దూకి తోటల్లోకి వెళ్లిపోయాడు. పక్కింటామె అప్పటికే గుమ్మంలో నిలబడి ఉంది.

"ఏటి బావా, ఒక్క మీ ఇంటికే వొచ్చినారేటి?" అంది పక్కింటామె, మా మరదలి వైపు చూస్తూ.

"నాకే ఒంట్లో బాగోలేదు" అన్నాను.

"నీకా? నువ్వు ఈ ఊరోడివే కాదు కదా" అంది ఆమె, నవ్వుతూ.

ల్యాబు మనిషి నా రక్తమే తీసుకుని వెళ్లాడు. రెండో రోజు ఫలితం వచ్చింది. అంతా బాగానే ఉంది. ఉంటుంది మరి, ఆ ఊళ్లో నాకు ఇన్నేళ్లుగా వేరే నీళ్లే ఇస్తున్నారు. మా మరదలు ఆ తర్వాత నాలుగు రోజులు నాతో ఫోన్లో మాట్లాడలేదు. ఐదో రోజు మాట్లాడింది. "అన్నం సయించట్లేదంతన్నాడు బావా. నీతోటి సెప్పొద్దన్నాడు" అని పెట్టేసింది.

ఆ మాట విన్నాక ఇంకో అర్జీ రాశాను. పదకొండోది, చివరిది అదే. ఊరి పేరు, గడి నంబరు, నా తప్పు, నా సంతకం, అన్నీ రాశాను. మా ఊరి రంగు మార్చలేకపోతే మార్చొద్దు, ఒక్కసారి బండి పంపండి చాలన్నాను. తమ్ముడి పేరు రాయలేదు. రాస్తే ఆ కాగితం ఎవరి చేతిలోంచి ఎవరి చెవికి చేరుతుందో నాకు తెలుసు. తొమ్మిది రోజులకు ఫోన్లో సందేశం వచ్చింది. మీ సమస్య పరిష్కరించబడింది, మీ సంతృప్తిని ఒకటి నుంచి ఐదు లోపు తెలియజేయండి అని. సున్నా నొక్కాను. చెల్లని అంకె అంది.

అర్జీల రోజున జిల్లా కేంద్రానికి వెళ్లి అడిగాను, పరిష్కారం ఏమిటని. అక్కడి గుమాస్తా కంప్యూటరులో చూసి చదివాడు. "సదరు గ్రామం నిర్దేశిత ఫలితం సాధించినందున చర్య అవసరం లేదు." కింద ఆధారంగా చూపించిన కాగితం మీద ఉన్న సంతకం నాదే. తెర నావైపు తిప్పి మరీ చూపించాడు. "ఇది మీరే కదండీ?" అన్నాడు మర్యాదగా.

నేనే. కాదనలేదు. తప్పు రాసినవాడు వచ్చి తప్పని చెబుతున్నాడు. రాసినప్పుడు చెల్లిన నా సంతకం కొట్టేయమంటే ఎందుకు చెల్లదు? ఒక ఊరిని ఆకుపచ్చ చేయడానికి నా టిక్కు చాలింది. అది తప్పని చెప్పడానికి నా నోరు ఎందుకు చాలదు? ఈ ప్రశ్న ఆ గుమాస్తాని అడిగితే, అది తన పరిధిలో లేదన్నాడు. ఎవరి పరిధిలో ఉందంటే, ఆ సంగతి కూడా తన పరిధిలో లేదన్నాడు.

నిన్న పొద్దున్న మా మరదలు మళ్లీ ఫోన్ చేసింది. ఈ వారమంతా దింపులున్నాయట. మూడు తోటలవాళ్లు కబురు పెట్టారట. వద్దంటే వినకుండా బందం భుజాన వేసుకుని వెళ్లాడట. ఇదివరకు ఎక్కడా ఆగకుండా ఎక్కేవాడు, ఇప్పుడు సగం చెట్టు మీద ఆగి, మానును కౌగిలించుకుని కాసేపు ఉండిపోతున్నాడని తోటలోవాళ్లు చెప్పారట. "కింద నుండి పిలిత్తే పలకట్లేదంట బావా. కాసేపుండి మళ్లీ ఎక్కుతన్నాడంట."

ఇది చదువుతున్నవాళ్లలో ఆ పటాలకు రంగులు వేసేవాళ్లుంటారు. ఆ బళ్లు ఎటు వెళ్లాలో రాసేవాళ్లుంటారు. మిమ్మల్నే అడుగుతున్నాను. నా తప్పును క్షమించమని అడగడం లేదు, నా పేరు పుస్తకంలో వేయమనీ అడగడం లేదు. మా ఊరి బడి వరండాలో బల్లలు వేసి, అందరినీ ఒకే వరసలో నిలబెట్టే రోజు ఏది? వాడు ఇంకా ఎక్కుతూనే ఉన్నాడు. తారీఖు చెప్పండి. మీలో ఎవరో ఒక్కరు, ఈసారైనా, నోరు తెరిచి చెప్పండి.